వెనక్కి చూసిన ఏనుగు

పోయిన వారం శ్రవణ్‌కుమార్‌ను మనం ఒక అబద్ధం మీద కూర్చోబెట్టి వచ్చేశాం. ఈ వారం రోజుల్లో అతను దాని మీద నుంచి దిగలేదు. దిగకపోగా ఇంకో రెండు అంతస్తులు లేపాడు.

కొత్తగా వచ్చి కూర్చున్న వాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్తాను, పాతవాళ్లు ఓపిక పట్టాలి. పోచంపల్లిలో దశరథ అనే నేతగాడు ఉన్నాడు. నూలును ముందే కొలత ప్రకారం కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత నేస్తే ఏనుగుల వరస దానంతట అదే తేలే చీరెలు ఆయనవి. కొడుకు శ్రవణ్‌కుమార్ హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ కొలువు వదిలేసి ఇంటికొచ్చి 'మగ్గం ముచ్చట' అని బ్లాగు పెట్టాడు. బ్లాగు చదివినవాళ్లు ఉపన్యాసానికి పిలిచారు. ఉపన్యాసం విన్నవాళ్లు చీరెలు కొన్నారు. మూడేళ్లలో, బోర్డు లేదు, దుకాణం లేదు, వ్యాపారం మాత్రం నిలబడింది. బోర్డు ఏదైనా ఉందీ అంటే అది దశరథ పేరే.

పోయిన నెల శ్రవణ్‌కు పెట్టె అడుగున ఎనిమిది చీరెలు దొరికాయి. మూడేళ్ల కిందటివి. వరసలో పదకొండు ఏనుగులు కుడివైపు నడుస్తుంటే, ఏడోది ఒక్కటి వెనక్కి తిరిగి ఉంది. ఒకసారి కట్టిన నూలుతో ఎనిమిది చీరెలు వస్తాయి కాబట్టి ఎనిమిదింటిలోనూ అదే ఏనుగు, అదే చోట, అదే తప్పు. దశరథ సిగ్గుతో వాటిని దాచేశాడు. శ్రవణ్ వాటిని బయటికి తీసి, బ్లాగులో ఎప్పుడో పుట్టించిన ముత్తాతను మళ్లీ దింపి, వెనకబడ్డ పిల్ల ఏనుగు కోసం తల్లి ఏనుగు తిరిగి చూస్తోందని రెండు వందల ఏళ్ల నాటి కథ రాశాడు. అదే కథ నల్లగొండలో ఒక మహిళా సంఘం మీటింగులో చెప్తే ఆడవాళ్లు కొంగులు తడుపుకున్నారు. చాయ్ వచ్చేలోగా ఎనిమిది చీరెలూ అయిపోయాయి.

ఇప్పుడు రిటైరైన టీచరమ్మల సంఘం అవే చీరెలు అరవై కావాలంటోంది. షరతు ఒక్కటే. ఆదివారం రామన్నపేట ఫంక్షన్ హాల్లో, అందరి ముందు, దశరథ ఆ ఏనుగును తిప్పి కట్టి చూపించాలి. శ్రవణ్ "అదెంత పని మేడం" అన్నాడు. అక్కడ వదిలేశాం.

శుక్రవారం పొద్దున పదకొండు గంటలకు దశరథ నాలుగో ఏనుగు కట్టడం పూర్తి చేశాడు. ఆయన ఎప్పుడూ గోడకు ఆనుకుని ఒకే చోట కూర్చుంటాడు. ముందు చట్రం మీద సాగదీసిన నూలు, మోకాలి పక్కన గళ్ల కాగితం, గిన్నెలో సన్నగా కోసిన సైకిల్ ట్యూబు ముక్కలు. రంగు ఎక్కడ అంటకూడదో అక్కడ ఆ ముక్కతో బిగించి ముడేస్తాడు. దాన్నే చిటికి అంటారు.

శ్రవణ్ వంగి చూశాడు. తొండం కుడివైపే ఉంది.

"మల్ల సక్కగనే పోతాంది గదా బాపూ!"

"నన్నేం జేయమంటవ్‌రా? నలబై ఏండ్ల సంది గీ చేతులకు సక్కగ కట్టుడే అలవాటు. తప్పు జెయ్యుమంటె ఇంటలేవు."

"ఉల్టా గీసి ఇచ్చిన గదా కాయిదం మీద. గది జూసి కట్టరాదు?"

"జూసే కట్టిన. మూడు ముడులు ఉల్టానే వడ్డయి. నాలుగోదాని కాడ చెయ్యి దానంతట అదే దిద్దుకున్నది."

ఇందులో సగం చేతుల మొండితనం, సగం మనిషి మొండితనం. ఏది ఎంతో ఆయనకే తెలియాలి.

"ఎల్లుండి అరవై మంది టీచరమ్మల ముందట కూసోని తప్పు కట్టి సూపెట్టాల్నా? ఇజ్జత్ తీస్తున్నవ్‌రా."

"తప్పు కాదు బాపూ, గది మన సంప్రదాయం."

"ఎప్పటి సంది?"

"పోయిన నెల పన్నెండో తారీఖు సంది" అన్నాడు శ్రవణ్. ఇంట్లో అబద్ధం ఆడే అలవాటు అతనికి లేదు. ఆడేదంతా మైకులోనే.

మూలన దశరథ భార్య రాజమణి ఆసు పోస్తోంది. అర్ధచంద్రం లాంటి చెక్కకు కొట్టిన మేకుల చుట్టూ నూలు తిప్పడమే ఆసు. ఒక చీరె నూలుకు ఆ కుడిచెయ్యి వేలసార్లు అటూ ఇటూ పోయి రావాలి. తండ్రీకొడుకులు ఎప్పుడు తగువుపడ్డా ఆమె చెయ్యి ఆపకుండానే ఏదో ఒక మాట వేస్తుంది. మూడు రోజుల నుంచి మాత్రం ఒక్క మాటా లేదు. అది ఎవరికీ పట్టలేదు.

అప్పుడే వాకిట్లో ఆటో ఆగింది. దిగింది గ్లోరీ మేడం.

కేతేపల్లి వైపు ఊళ్లలో ముప్పై ఆరేళ్లు చదువు చెప్పి, హెడ్మిస్ట్రెస్‌గా రిటైరై, ఇప్పుడు టీచరమ్మల సంఘానికి అధ్యక్షురాలు ఆమె. చంకలో లావుపాటి ఫైలు, జాకెట్టుకు ఎర్ర పెన్ను. శ్రవణ్ ఎదురెళ్లాడు.

"మేడం, మీరు? ఆదివారం గదా మనం…"

"ఆదివారం దాక ఆగుదామనుకున్న, ఆగబుద్ధి గాలే." ఫైలు తీసి చూపించింది. "నీ బ్లాగు మొత్తం ప్రింటు తీయించిన. ఇరవై మూడు పోస్టులు. దిద్దినంక నిన్ను జూడాలనిపించింది."

ప్రతి పేజీ ఎర్రగా ఉంది. మెచ్చుకున్న చోట కూడా ఎర్రదే కావడంతో ఏది మెప్పో ఏది తిట్టో దూరం నుంచి తెలియడం లేదు. శ్రవణ్‌కు తనకు వచ్చిన ఒకే ఒక్క విద్య గుర్తొచ్చింది. గొంతు సవరించుకుని మీటింగు భాషలోకి మారాడు.

"మేడం, ఒక్కసారి కళ్లు మూసుకోండి. రెండు వందల ఏళ్ల కింద, ఒక వాన కురిసిన సాయంత్రం…"

"మూసుకోను" అంది గ్లోరీ మేడం. "క్లాసుల నేను కండ్లు మూసుకున్నప్పుడల్ల ఎవడో ఒకడు ఏదో ఒకటి జేసిండు. తెరిచే ఉంచుత, నువ్వు చెప్పు."

ఎదుటివాళ్లు కళ్లు తెరిచి ఉండగా ఆ కథ చెప్పడం శ్రవణ్‌కు అదే మొదటిసారి. వాన కురవలేదు.

"పోనీ నేనే అడుగుత. నాలుగో పోస్టుల మీ ముత్తాత పద్దెనిమిది వందల తొంబైల చచ్చిపోయిండు. పదకొండో పోస్టుల బస్సెక్కి హైదరాబాద్ పోయిండు. ఎట్ల పోయిండు?"

"అది… వేరే ముత్తాత మేడం. మనిషికి నలుగురు ముత్తాతలుంటరు గదా."

"నలుగురికి ఒక్కటే పేరా?"

దశరథ తలెత్తకుండానే నవ్వాడు. మూడు రోజుల తర్వాత ఆ ఇంట్లో వినిపించిన మొదటి నవ్వు అది. శ్రవణ్‌కు దాంట్లో పాలు దక్కలేదు.

"ఇను శ్రవణ్‌కుమార్" అంది ఆమె, హాజరు పిలిచే గొంతుతో. "ముత్తాత ఉన్నడో లేడో నాకు ఫికర్ లేదు. మా సంఘంల అరవై మంది ఉన్నరు. గా ఏనుగు కత సదివి, ఒకామె ఫోన్ జేసి ఏడ్సింది. ఆమె బిడ్డ పోయి రెండేండ్లాయె. ఆమెకు నేను ఉత్త కత అమ్మను. గా ఏనుగు ఎట్ల తిరిగిందో నా కండ్ల ముందట సూపియ్యండి, అరవై చీరెలు రాసుకోండి. సూపియ్యకుంటె, గిది అబద్ధమని స్టేజి మీద నేనే చెప్త."

శ్రవణ్ లెక్క వేసుకున్నాడు. అరవై చీరెలు పోవడం ఒకటి. అబద్ధాలకోరు అన్న పేరు పడితే రేపు మైకు ఇచ్చేది ఎవరు? మైకు లేకపోతే ఈ ఇంటికి ఇంకే దారీ లేదు.

"బాపూ, ఒక్కసారి. ఒక్క ఏనుగు."

దశరథ గిన్నెలోంచి ఇంకో ట్యూబు ముక్క తీసుకున్నాడు. ఐదో ఏనుగు మొదలుపెట్టాడు.

గ్లోరీ మేడంకు మోకాళ్ల నొప్పి. నేల మీద కూర్చోలేదు. గదిలో ఉన్నది ఒకే ఒక్క పీట, అది చట్రానికి అవతల, దశరథకు ఎదురుగా ఉంది. ఆమె దాని మీద కూర్చుని పది నిమిషాలు ఆయన చేతులనే చూసింది. నోటుబుక్కులు దిద్దిన మనిషి, చేతులు ఖాళీగా ఉండవు. గళ్ల కాగితం తీసుకుని తన వైపు సరిగ్గా తిప్పుకుంది. కాగితాన్ని చూసింది, నూలును చూసింది, మళ్లీ కాగితాన్ని చూసింది.

"దశరథన్నా, తొండం ఏ దిక్కు కట్టాలె?"

"కుడి దిక్కు."

"మీ కుడిచెయ్యి లేపున్రి."

హెడ్మిస్ట్రెస్ చెప్తే లేపకుండా ఎవరుంటారు? దశరథ లేపాడు. ఆమె కూడా తన కుడిచెయ్యి లేపింది. ఎదురెదురుగా కూర్చున్నారు కదా, ఒక చెయ్యి వీధి వైపు, ఇంకొకటి వంటింటి వైపు.

"అగో" అంది గ్లోరీ మేడం. "కాళ్లు చీరె అంచు దిక్కుండాల్నని ఇంట్ల అందరికి ఎరికే. గవి సక్కగనే వస్తయి. తొండం కాడనే మారింది. గా ఏడో ఏనుగును కట్టిన మనిషి మీ జాగల కూసోలే అన్నా. కాయిదం తన దిక్కు తిప్పుకోని, నా జాగల కూసోని కట్టిన్రు. మీరు ఎన్నేండ్లు కట్టినా గది మీకు రాదు. అది మీరు జేసింది కాదు."

"నా చట్రం ఎవ్వలు ముట్టరు" అన్నాడు దశరథ.

అది నిజమే. ఊళ్లో ఎంతమంది ఆడవాళ్లు చిటికి కట్టడం లేదు? ఈ ఇంట్లో మాత్రం చట్రం దశరథది. ఆసు పోయొచ్చు, కండెలు చుట్టొచ్చు, రంగు ముంచొచ్చు, ముడి మాత్రం ఆయన చేతిదే. దానికి కారణం అడిగితే మా నాయిన నాకు నేర్పిండు అనేవాడు. అది కారణమా కాదా అని ఎవరూ అడగలేదు.

మూలన ఆసు చప్పుడు ఆగిపోయింది. ముగ్గురూ అటు తిరిగారు.

"నేనే" అంది రాజమణి.

దశరథకు అర్థం కాలేదు. "ఏం నువ్వే?"

"ఏడో ఏనుగు. మజ్జానం తిన్నంక గీడ్నే కూసోని కునుకు తీసినవ్. చెయ్యి నూలు మీదనే ఉన్నది. తెల్లారి రంగు ముంచాలె, నడుమల ఒక్క ఏనుగు బాకీ ఉన్నది. లేపుదామంటె మనసు రాలే. రెండు దినాల సంది కండ్లు మంటలంటివి. నీ పక్కకు జాగ లేకపాయె, గోడాయె. గందుకే గా దిక్కు కూసోని కట్టిన." కొంగుతో చేతులు తుడుచుకుంది, చేతులకు ఏమీ అంటలేదు. "నేసినంక తెల్సింది ఉల్టా అయిందని. నిన్ను నువ్వే తిట్టుకుంట పదిహేను దినాలు సక్కగ తినలే. చెప్దామని ఎన్నిసార్లో అనుకున్న. నా చట్రం ముట్టినవా అంటవని బుగులైంది."

"నా చట్రం ముట్టినవా?" అన్నాడు దశరథ.

ఆ మాట ఆయన నోటి నుంచి అలవాటుగా వచ్చింది. రాగానే ఆయనకే సిగ్గేసింది. అది ముఖంలో కనబడింది.

గ్లోరీ మేడం ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. "చెల్లె, గా ఒక్కటేనా?"

రాజమణి మళ్లీ ఆసు వైపు చూసింది. చేతిలో పని లేకపోతే ఆమెకు మాట కూడా సరిగ్గా రాదు.

"అమ్మా?" అన్నాడు శ్రవణ్.

"గప్పటి సంది కాయిదం కదిలియ్యలే" అంది నెమ్మదిగా. "బాపు పెట్టినట్లే ఉంచి, తలకిందుల ఏనుగునే జూసుకుంట కట్టిన. గట్ల కడితె సక్కగ వస్తది. దినాం మజ్జానం కునుకు తీస్తడు. రెండో మూడో కట్టి లేసి పోతుంటి. లేసినంక జూసుకోని, ఇయాల మస్తు పని జేసిన అని మురిసేటోడు. గా మురిపెం ఎందుకు చెడగొట్టాలె?"

"దినామా?" అన్నాడు దశరథ. "మూడేండ్లా?"

"పండుగల పూట కట్టలే."

శ్రవణ్‌కు ఒక పోస్టు గుర్తొచ్చింది. గుర్తొచ్చింది అతనికి ఒక్కడికే కాదు. గ్లోరీ మేడం అప్పటికే ఫైలు తిప్పుతోంది. "పదిహేనో పోస్టు" అంటూ కాగితం పైకి తీసింది. "పేరు 'మధ్యాహ్నపు చెయ్యి'. మా బాపు చేతికి మధ్యాహ్నం పూట ఏదో శక్తి వస్తుంది, ఆ రెండు గంటల్లో ఆయన ముడులు ఎంత చక్కగా పడతాయంటే… అని రాసినవ్. గిది మంచిగుందని పక్కన టిక్కు గూడ కొట్టిన. ఇప్పుడు ఏం జెయ్యాలె దీన్ని?"

శ్రవణ్‌కు నవ్వు రాలేదు. ఇరవై మూడు పోస్టులు రాశాడు, ఊరూరా తిరిగి నలభై సార్లు మాట్లాడాడు, లేని ముత్తాతను తవ్వి తీశాడు. పది అడుగుల దూరంలో మూలన కూర్చున్న మనిషిని ఒక్క రోజు కూడా తలతిప్పి చూడలేదు. రెండు వందల ఏళ్ల కింద ఏమైందో అతనికి తెలుసు, నిన్న మధ్యాహ్నం ఇంట్లో ఏమైందో తెలియదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

దశరథ గోడకు ఆనుకునే కూర్చున్నాడు. కోపం వస్తుందని అందరూ చూశారు. ఆయన కూడా దాని కోసమే చూసినట్లున్నాడు, రాలేదు. వచ్చింది వేరే ఏదో.

"సెల్లు తియ్‌రా" అన్నాడు.

"ఎందుకు బాపూ?"

"నీ బ్లాగుల రాయి. నేను చెప్త."

మూడేళ్లలో ఆయన బ్లాగు గురించి పలికిన మొదటి మాట అది. శ్రవణ్ ఫోను తెరిచాడు. దశరథ కళ్లు మూసుకున్నాడు, ఎవరూ మూసుకోమనకుండానే.

"నేను దశరథను. మూడేండ్ల సంది నా పేరు జూసి మీరు కొన్న చీరెలల్ల కొన్ని ఏనుగులు నావి గావు. నా భార్య రాజమణివి. నాకు గూడ ఇయాల్నే తెల్సింది. ఎనకకు జూసిన ఏనుగు గూడ ఆమెదే. ముత్తాత లేడు."

"బాపూ, ఇది పెడ్తె…" శ్రవణ్ ఫోను కిందికి దించాడు. "మన దందా మొత్తం నీ పేరు మీదనే నడుస్తాంది. వాళ్లందరు మోసం జేసిన్రంటరు. చీరెలు వాపసు తెస్తరు."

"తేనియ్యి. ఆమె చేసింది నాదని చెప్పుకోని ఇంక ఎన్నొద్దులు తిరగాలె?"

"వద్దు" అంది రాజమణి. "నాకేం పేరొద్దు. కొడుకు కష్టపడి నిలబెట్టుకున్నడు."

"నిన్నడగలే" అన్నాడు దశరథ, కానీ మెత్తగా అన్నాడు.

శ్రవణ్ గ్లోరీ మేడం వైపు చూశాడు. ఆమె ఎర్ర పెన్ను మూత పెట్టింది. "నన్ను జూడకు. గది పెడితె ఆదివారం నాడు నేనే మీ అమ్మను స్టేజి మీద కూసోబెడ్త, అరవై చీరెలు గూడ అప్పుడే రాయిస్త. పెట్టకుంటె ఫైలు తీస్కోని పోత. పెట్టుడు, మానుడు నీ ఇష్టం."

శ్రవణ్ బొటనవేలు బటను మీద కాసేపు ఆగింది. ఎన్ని అబద్ధాలు పెట్టినప్పుడూ అది అలా ఆగలేదు. కళ్లు మూసుకుని నొక్కేశాడు.

చాయ్ పెడతానని రాజమణి లేవబోయింది. లేచేలోపే ఫోను మోగింది. మొదటి వ్యాఖ్య నల్లగొండ నుంచి, కోమల అనే ఆమెది. నిరుడు పెళ్లిరోజుకు ఏనుగుల చీరె కొన్నది. తిట్టలేదు, మెచ్చుకోలేదు. ఒక్కటే అడిగింది. 'మరి నా చీరె ఎవరిది?'

వెంటనే ఇంకొకటి. అదే ప్రశ్న. ఆ తర్వాత ఇంకో నాలుగు.

"ఫోటో వెట్టమను" అన్నాడు దశరథ. చాలాసేపటి తర్వాత ఆయన గొంతులో పాత దర్జా కొంచెం తిరిగొచ్చింది. "నా చెయ్యి నేను గుర్తువట్టనా?"

కోమల చీరె కొంగు ఫోటో పంపింది. దశరథ అద్దాలు పెట్టుకుని ఫోను దగ్గరికి తీసుకున్నాడు. ఒక్కొక్క ఏనుగునూ చూశాడు. మూడోదాని దగ్గర వేలు ఆగింది. ముఖం విచ్చుకుంది.

"అగో, గిది నాది. గీ తొండం మలుపు సూడున్రి. మా నాయినకు తప్ప గిట్ల ఎవ్వలకు రాలే, ఆయన తర్వాత నాకే వచ్చింది. గిది దశరథ చెయ్యి అని రాసెయ్‌రా."

శ్రవణ్ సంబరంగా రాయబోతూ అమ్మ వైపు చూశాడు. రాజమణి ఫోటో వైపు చూస్తోంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"రాయకు బిడ్డా. గది గూడ మజ్జానం కట్టిందే" అంది.